నేరేడుపండు రంగు వెల్వెటీన్ గౌను: బాగుచేత డైరీ

సెప్టెంబరు 20, శనివారం

పాత బట్టలు ఇక కొననని పెట్టుకున్న ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను.

ఇంగ్లండులోని వారింగ్టన్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక ఛారిటీ షాపు ఉంది. అందులో వెనకవైపు, మగవాళ్ళ కోట్ల మధ్య ఇరుక్కుని ఒక పొడవాటి గౌను కనబడింది. నేరేడుపండు రంగు. చీటీ మీద ‘వెల్వెట్, 14 పౌండ్లు’ అని రాసుంది. చెయ్యి వేయగానే అనుమానం వచ్చింది. పట్టు వెల్వెట్‌ని గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. ఇది జారలేదు. మడత గుండ్రంగా తిరిగి అక్కడే నిలబడింది. దీపం కిందికి తీసుకెళ్ళాను, మెరవలేదు. వెలుతురంతా తాగేసి మరింత చిక్కబడింది. చిన్నప్పుడు మంగళగిరిలో తొలకరి పడగానే ఆరుద్ర పురుగుల్ని పట్టి అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. ఆ పురుగు వీపు మీద ఎరుపు ఎలా ఉంటుందో ఈ నేరేడు రంగు అలా ఉంది. వేలితో రాయకుండా ఉండలేం.

ఇది వెల్వెటీన్. వెల్వెట్‌లా కనబడే నూలు గుడ్డ.

మా పెద్దదానికి డిసెంబరులో స్కూల్లో క్రిస్మస్ కచేరీ ఉంది, బృందగానంలో పాడుతుంది. పొడుగు గౌను కావాలని ఆగస్టు నుంచీ ప్రాణం తీస్తోంది. కొత్తది కొంటే అయిపోయేది. నాకే ఒళ్ళు ఊరుకోలేదు.

ఇంటికొచ్చాక మంచం మీద పరిచి చూశాను. మోచేతుల దగ్గర నూగంతా (గుడ్డ మీద మెత్తగా లేచి నిలబడే పోగుల కొసలు) పోయి అడుగు గుడ్డ బయటపడింది. రెండు చంకలూ చిరిగాయి. కూర్చునే చోట నూగు అణిగిపోయి బల్లలా ఉంది. కింది అంచుకి ఆరు సెంటీమీటర్ల పైన గౌను చుట్టూ ఒక పాలిపోయిన గీత. ఎవరో ఒకప్పుడు మడత విప్పి పొడుగు చేశారన్నమాట. కలరా ఉండల వాసన సరేసరి. లేబుల్ లేదు. ఎడమ పక్కన చంక కింద నుంచి తుంటి దాకా లోహపు జిప్పు, దాని లాగుడు ముక్క మీద ‘లైట్నింగ్’ అని అచ్చు. బర్మింగ్‌హామ్‌లో తయారైన జిప్పులవి. భుజాల్లో మెత్తలు, చేతుల పైభాగంలో కుచ్చులు, పక్కన లోహపు జిప్పు. మూడూ కలిపి చూస్తే 1930ల చివరికీ 1940లకీ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. నైలాన్ జిప్పులు వచ్చింది ఆ తర్వాతే.

ఇక్కడ 1941 జూన్ 1 నుంచి బట్టలకి రేషన్ పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. 1949 దాకా సాగిందది. ఆ రోజుల్లో ఇంత గుడ్డ ఉన్న గౌనుని ఎవరూ పారేసి ఉండరు. మడత విప్పి, పొడుగు పెంచి, మళ్ళీ వేసుకుని ఉంటారు. ఆ పాలిపోయిన గీత అందుకే పడిందని నా ఊహ.

జిప్పు పళ్ళ మీద పెన్సిల్ ముక్కు రాశాను. వెన్నలా నడుస్తోంది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇవాళ కత్తెర పట్టలేదు. పరీక్షలు మాత్రమే.

లోపలి కుట్టు అంచు నుంచి నాలుగు పోగులు లాగి పళ్ళెంలో కాల్చాను. కాగితం కాలినట్టు కాలింది, కాగితం వాసనే వచ్చింది, మెత్తటి బూడిద మిగిలింది. పట్టు అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి నల్లగా గడ్డ కడుతుంది. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు.

రెండో పరీక్ష నాకిష్టమైనది. గుడ్డ అంచు నుంచి ఒక పడుగు (నిలువు) పోగు, ఒక పేక (అడ్డం) పోగు విడిగా లాగాలి. వెల్వెట్‌లో నూగు పడుగులోంచి వస్తుంది. గుడ్డకి కావాల్సిన పడుగుతో పాటు నూగు కోసం ఇంకో పడుగు ఉంటుంది, దాన్ని పైకి లేపి మగ్గం మీదే కోస్తారు. లేదంటే రెండు గుడ్డల్ని ఎదురెదురుగా ఒకేసారి నేసి మధ్యలో కోస్తారు. ఆ నూగు కుచ్చులు పేక పోగుని పట్టుకుని వేలాడతాయి. వెల్వెటీన్‌లో దానికి తిరగేసి. నూగు పేకలోంచి పుడుతుంది, కుచ్చులు పడుగు పోగుని పట్టుకుని ఉంటాయి. నేను పడుగు పోగు లాగాను. దాని ఒంటి నిండా కుచ్చులు అతుక్కుని గొంగళిపురుగులా బయటికొచ్చింది. పేక పోగు లాగితే బోడిగా వచ్చింది. కేసు మూసేశాం.

సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేసి ఆ గొంగళిపురుగుని చూపించాను. నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చాలాసేపు చూశాడు.

“ఏందమ్మా ఇది, పేకలో నూగేంది? నాడె వేసి అచ్చుతో కొడితే పేక లోపలికి అణిగిపోవాలి గదా?”

“అణగనివ్వరు నాన్నా. ఒక పేకని గట్టిగా అల్లి, తర్వాత రెండు మూడు పేకల్ని పైన వదులుగా తేలేస్తారు. అవి ఐదారు పడుగుల మీదుగా దాటిపోయి ఎక్కడో ఒక్క చోట కిందికి దూరతాయి.”

“అట్టా తేలితే నేత నిలబడిద్దా?”

“నిలబడ్డానికి అడుగు నేత వేరే ఉంటుంది. తేలేవాటిని తర్వాత కోస్తారు. అందుకే అంగుళానికి వందల్లో పేకలు కొడతారు.”

“వందల్లోనా!” కాసేపు మాట్లాడలేదు. మంగళగిరి చీర లెక్కలో మనసులో గుణించుకుంటున్నాడని తెలుసు. “అయితే వాళ్ళు రోజుకి మూరెడు నేసేవాళ్ళేమోలే.”

మరమగ్గం నాన్నా అన్నాను. మరమగ్గం అంటే ఆయనకి ఇప్పటికీ పడదు. పిల్లల చదువుల గురించి అడిగి పెట్టేశాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

గౌను పని ముట్టుకోలేదు. లిమ్ వెళ్ళాను. మాకు ఐదు మైళ్ళే.

ఇప్పుడది కాలువ పక్కన పడవలు, కాఫీ హోటళ్ళు ఉన్న చక్కటి ఊరు. ఒకప్పుడు ఇక్కడ ఇంటింటా వెల్వెటీన్ కోసేవాళ్ళు. నేయడం మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, కోయడం ఈ చెషైర్ ఊళ్ళలో. లిమ్, కాంగిల్టన్, వారింగ్టన్ అన్నీ అదే పని మీద బతికాయి. పనిని ‘ఫస్టియన్ కటింగ్’ అనేవాళ్ళు. ఫస్టియన్ అంటే ఈ మొత్తం మోటు నూలు కుటుంబానికి ఇంటిపేరు. కార్డురాయ్, మోల్‌స్కిన్, వెల్వెటీన్ అన్నీ తోబుట్టువులే. పేకలు కిందికి దూరే చోట్లు వరసలో ఉంటే, కోశాక చారలు తేలి కార్డురాయ్ అవుతుంది. ఆ చోట్లని చెదరగొట్టి సమంగా పరిస్తే వెల్వెటీన్. అంతే తేడా.

చర్చి రోడ్డులో ఆ కోతగాళ్ళ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మూడంతస్తుల ఎర్ర ఇటుక వరస ఇళ్ళు. కింద రెండంతస్తుల్లో కాపురం, పై అంతస్తులో పని. వెలుతురు కోసం పై అంతస్తుకి వెడల్పాటి కిటికీలు. రోడ్డు అవతల నిలబడి చూస్తుంటే మా ఇంటి పందిరి, దాని కింద మగ్గం గుంట గుర్తొచ్చాయి. పని ఇంట్లోకి వస్తే ఇల్లు ఎలా ఇరుకవుతుందో నాకు తెలుసు.

కోత ఎలా చేసేవాళ్ళంటే, మగ్గం మీంచి దిగిన గుడ్డకి వెల్వెటీన్ అందం ఏమీ ఉండదు. మామూలు దళసరి గుడ్డలా ఉంటుంది. దానికి సున్నం, గంజి పట్టించి బిరుసెక్కించి, బల్ల మీద తాడులా బిగించి కడతారు. తేలిన పేకల కింద పడుగు వెంట సన్నటి సొరంగాలు ఉంటాయి. పొడవాటి సన్నటి కత్తి, దాని కొసకి సూదిలా ముందుకి సాగిన తొడుగు. తొడుగు సొరంగంలో దూరి పేకల్ని పైకెత్తుతుంది, వెనకే వచ్చే అంచు వాటిని తెగ్గోస్తుంది. ఒక్కో సొరంగానికీ ఒక్కో నడక. అంగుళానికి 30 సొరంగాలు, 24 అంగుళాల పన్నా అనుకుంటే 720 సార్లు. అది ఒక్క గుడ్డకి. పొడుగు బల్లలున్న షెడ్లలో ఆడవాళ్ళూ పిల్లలూ రోజంతా ఒక పక్కకి వంగి ఇటూ అటూ నడిచేవాళ్ళు. చెయ్యి ఒక వెంట్రుకవాసి కిందికి జారితే అడుగు గుడ్డ తెగి చిల్లు పడుతుంది. తర్వాత సున్నం కడిగి, బ్రష్షుతో నూగు లేపి, మంట మీద ఆడించి సమం చేసి, చివర్లో అద్దకం. యంత్రాలు ఈ కోత నేర్చుకోడానికి చాలా కాలం పట్టింది.

నా గౌనుని ఎవరు కోశారో, చేతితోనో యంత్రంతోనో, గుడ్డ చెప్పదు. ఏదైనా అది మగ్గం మీద పూర్తయిన గుడ్డ మాత్రం కాదు.

తిరుగు బస్సులో ఒక విషయం గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇప్పుడు మనం ‘వింటేజ్’ అని ముద్దు చేస్తున్న ఈ జాతి గుడ్డ ఒకప్పుడు కూలివాళ్ళ యూనిఫారం. ఓటు హక్కు కోసం పోరాడిన చార్టిస్టుల నాయకుడు ఫియర్గస్ ఓకానర్ 1841లో యార్క్ జైలు నుంచి విడుదలైనప్పుడు పనిగట్టుకుని ఫస్టియన్ సూటు తొడుక్కుని బయటికొచ్చాడు, నేను మీవాణ్ణి అని జనానికి చెప్పడానికి. జమీందార్ల అడవి కాపలాదార్లు వెల్వెటీన్ కోట్లే వేసుకునేవాళ్ళు, వాళ్ళకి ‘వెల్వెటీన్స్’ అనే ఆటపేరు పడింది. ఆ తర్వాత కథ తిరగబడింది. 1884లో లండన్‌లో లిబర్టీ అనే పెద్ద దుకాణం వాళ్ళు ఇ.డబ్ల్యూ. గాడ్విన్ అనే వాస్తుశిల్పిని పెట్టి దుస్తుల విభాగం తెరిచేనాటికి, నడుము బిగించే కార్సెట్లు వద్దనుకున్న కళాభిరుచి గల ఆడవాళ్ళకి మెత్తటి రంగుల వెల్వెటీన్ గౌన్లంటే మోజు. గుడ్డ అదే, తొడుక్కునేవాళ్ళు మారారు.

అక్టోబరు 4

ఉతకాలా వద్దా? లోపలి అంచుని తడి తెల్ల గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పెట్టాను. గుడ్డ వంకాయ రంగుకి తిరిగింది. ఉతుకుడు లేదు.

రెండు రోజులు వరండాలో నీడన ఆరేశాను. ఎండలో వేస్తే రంగు పోతుంది, వారింగ్టన్ ఎండయినా సరే. వాక్యూమ్ గొట్టానికి పాత మేజోడు కట్టి, తక్కువ గాలితో నూగు వాలు వెంట నడిపించాను. బూడిద రంగు దుమ్ము బోలెడు వచ్చింది. కలరా ఉండల వాసన సగం తగ్గింది.

అక్టోబరు 5

తొందరపడ్డాను. ముందు భాగంలో చిన్న మరక కనబడితే తడి స్పాంజితో రుద్దాను. రుద్దకూడదని తెలిసీ రుద్దాను. మరక పోయింది, దాని చోట రూపాయి బిళ్ళంత నీటి మచ్చ వచ్చింది. నూగు ఒకదానికొకటి అతుక్కుని పిల్లి నాకినట్టయింది.

రాత్రి బాత్‌రూంలో వేడినీళ్ళు వదిలి, తలుపేసి, గౌనుని ఆవిరిలో వేలాడదీశాను. పావుగంట తర్వాత మెత్తటి బట్టల బ్రష్షుతో ఆ చోట నూగుని ముందు ఎదురుగా లేపి, తర్వాత వాలుకి దువ్వాను. తొంభై పాళ్ళు పోయింది. ఆవిరి దెబ్బకి కూర్చునే చోట అణిగిన నూగు కూడా కొంచెం లేచింది, అదొక లాభం. నూగు ఉన్నచోట ఆవిరి పనిచేస్తుంది. మోచేతుల దగ్గర అసలు నూగే లేదు, అక్కడ ఆవిరి ఏం చేస్తుంది?

అక్టోబరు 11, శనివారం

విప్పడం మొదలుపెట్టాను. చేతులు, చంకలు, కింది అంచు.

లోపలి కుట్టు అంచుల్లో అసలు రంగు దాక్కుని ఉంది. బయట నేరేడుపండు రంగైతే లోపల నేరేడు గింజ చుట్టూ ఉండే ఊదా. ఇన్నేళ్ళలో ఎంత వెలిసిందో పక్కపక్కన పెడితే గానీ తెలియలేదు.

కుట్టినవాళ్ళెవరో గానీ పనిమంతురాలు. ముక్కలన్నిటి నూగూ పైకి చూసేలా కత్తిరించింది. కింది అంచు నుంచి మెడ వైపు నిమిరితే నున్నగా పోతుంది, మెడ నుంచి కిందికి నిమిరితే గరుకు. కోటుకీ సోఫాకీ నూగు కిందికి పెడతారు, దుమ్ము నిలవదు, తొందరగా అరగదు. రంగు చిక్కగా కనబడాలంటే మాత్రం పైకి పెట్టాలి. మనం ఎదురుగా నిలబడి కాస్త పైనుంచి చూస్తాం కదా, నూగు పైకి ఉంటే మన కంటికి దాని కొసలు ఎదురవుతాయి. వెలుతురు కొసల మధ్య దూరి బయటికి రాదు. నూగు కిందికి ఉంటే పక్కలు కనబడి మెరుపు కొడుతుంది, రంగు పాలిపోయినట్టు ఉంటుంది. ఒకే తానులో రెండు రంగులు.

ప్రణాళిక: చేతుల్ని మోచేతికి పైన కత్తిరించి పొట్టి చేతులు చేయడం. బోడి మోచేతులు పోతాయి. కింద మిగిలిన ముంజేతి గుడ్డలోంచి చంకలకి అతుకులు. చంకలో ఊరికే అతుకేస్తే మళ్ళీ చిరుగుతుంది, అందుకని చెయ్యి ఎత్తడానికి వీలుగా సాదా అతుకు బదులు డైమండ్ ముక్క పెడతాను. పెద్దది ఈ గౌను అసలు మనిషి కన్నా భుజాల్లో కాస్త వెడల్పు, దానికీ సరిపోతుంది.

మోచేతుల బోడిని స్కెచ్ పెన్నుతో కప్పొచ్చని ఒక స్నేహితురాలు అంది. గీతలు గీసిన గుండుకి జుట్టు మొలవదు తల్లీ అన్నాను.

అక్టోబరు 18

కత్తిరించాను. గొళ్ళెం తీసి తలుపు తెరిచినట్టు చేతులు రెండూ పొట్టివయ్యాయి. వెల్వెటీన్‌ని ఒక్క పొర మీదే, ఉల్టా వైపు నుంచి కత్తిరించాలి. రెండు పొరలు మడిచి కత్తిరిస్తే లోపలి నూగులు ఒకదాన్నొకటి నెట్టుకుని కింది పొర జరిగిపోతుంది. కత్తెర పెట్టిన ప్రతిచోటా ఊదా పొడి. టీ కప్పులో కూడా.

అక్టోబరు 19, ఆదివారం

కుడి చంక డైమండ్ కుదిరింది. ఎడమది కూడా కుదిరిందనుకుని పెద్దదాన్ని పిలిచి తొడిగాను. అద్దం ముందు చెయ్యెత్తింది.

“అమ్మా, ఇక్కడ పౌడర్ పడింది.”

“పౌడరెక్కడిదే?”

“చూడు, తెల్లగా.”

పౌడర్ కాదు. ఎడమ ముక్క తలకిందులుగా పెట్టాను. వారం క్రితం ఇదే డైరీలో నూగు వాలు మీద అంత ఉపన్యాసం దంచి, కత్తిరించేటప్పుడు బాణం గుర్తు పెట్టుకోలేదు. పోనీ ముక్కని తిప్పి కుడదామంటే డైమండ్ రెండు కొసలూ సమానం కాదు, తిరగదు. ముంజేతి గుడ్డలో మిగిలినవి ముంజేతి అంచు దగ్గర అరిగిన పేలికలే.

పిల్లకి కచేరీ టెన్షన్, నాకు చంక టెన్షన్. మిషన్ మీద గుడ్డ కప్పేసి పప్పుచారు పెట్టుకోడానికి పోయాను.

నవంబరు 1, శనివారం

రెండు వారాలు దాని మొహం చూడలేదు. ఇవాళ కింది అంచు గురించి ఆలోచిస్తుంటే తట్టింది.

ఆ పాలిపోయిన గీతని ఏం చేయాలన్నది ఇన్నాళ్ళూ తేలలేదు. పాత మడత కొన మీద ఏళ్ళ తరబడి రాపిడికి నూగు పోయింది, మడత విప్పినప్పుడు ఆ బోడి గీత బయటికొచ్చింది. ఆవిరికి లొంగదు. దాని మీద రిబ్బన్ కుట్టడం పాత చిట్కా. కానీ మా పెద్దదానికి ఈ గౌను ఎలాగూ పాదాల మీద పడుతోంది. గీత దగ్గరే కత్తిరించేస్తే ఆరు సెంటీమీటర్ల పట్టీ చేతికొస్తుంది. గౌను చుట్టంత పట్టీ!

చిక్కేంటంటే నా డైమండ్ నిలువు తొమ్మిది సెంటీమీటర్లు. పట్టీ ఆరే. నూగు వాలు నిలువునే ఉండాలి కాబట్టి అడ్డంగా తిప్పి కత్తిరించడానికి లేదు. గంటసేపు కాగితం ముక్కలతో కుస్తీ పట్టాక డైమండ్‌ని నడుముకి కోసి రెండు త్రికోణాలు చేశాను. ఒక్కోటి నాలుగున్నర, పైనా కిందా కుట్టుకి ముప్పావు చొప్పున, మొత్తం ఆరు. ముల్లు దూరే సందు కూడా మిగల్లేదు. ఈసారి ఉల్టా వైపు సుద్దతో బాణాలు గీశాను. ఒకటి కాదు, మూడేసి.

నవంబరు 8

త్రికోణాలు కుట్టడానికి ముందు గుడ్డ నడకని అర్థం చేసుకోవాలనిపించి పేలికల మీద సాధన చేశాను. నూగు నూగు ఎదురెదురుగా పెట్టి మామూలుగా కుడితే పై పొర పాకుతూ ముందుకి పోతుంది. నలభై సెంటీమీటర్ల కుట్టుకి పై పొర ఒక సెంటీమీటరు మిగిలింది. కొలిచి రాస్తున్నాను, ఊహించి కాదు.

చాలా ప్రయత్నాల తర్వాత పనిచేసినవి ఇవి. గుడ్డని అదిమిపట్టే మిషన్ పాదం ఒత్తిడి బాగా తగ్గించడం. కుట్టు పొడవు కాస్త పెంచడం. పైపొరని కూడా లాగే ‘వాకింగ్ ఫుట్’ పెట్టడం. నూగు వాలు వెంటే కుట్టడం, అంటే ఈ గౌనులో కింది నుంచి పైకి. వీటన్నిటి కన్నా ముఖ్యం చేత్తో టాకాలు. ఒక వరస చాలదు, కుట్టు గీతకి అటొక వరస ఇటొక వరస. టాకాలకి సన్నటి పట్టుదారం వాడితే తీసేశాక గుర్తు ఉండదు. గుండుసూదులు కుట్టు అంచు లోపలే గుచ్చాలి, లేదంటే గుచ్చినచోట నూగు మీద చుక్క మిగులుతుంది.

టాకాలకి పట్టిన టైము రెండు గంటలు, మిషన్ కుట్టుకి పట్టింది నాలుగు నిమిషాలు. ఎడమ చంక కుదిరింది. లోపలి మడతలో దాక్కున్న గుడ్డ కలిసింది కాబట్టి రంగు ఒక పిసరు ముదురు. చంకలోకి ఎవరు తొంగిచూస్తారు?

నవంబరు 15

ఇస్త్రీ. వెల్వెటీన్ మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే దాని ముద్ర అక్కడే ఉండిపోతుంది. సరైన సాధనం సూదుల పలక, పొట్టి ఉక్కు తీగలు గుబురుగా నాటిన పలక. నూగు ఆ తీగల మధ్య దిగి నలగకుండా ఉంటుంది. దాని ధర చూసి వెబ్‌సైటు మూసేశాను. పేదవాళ్ళ సూదుల పలక ఇంట్లోనే ఉంది: ఆ తలకిందుల డైమండ్, మిగిలిన ముంజేతి పేలికలు. వాటిని నూగు పైకి చూసేలా బల్ల మీద పరిచి, గౌనుని నూగు కిందికి ఉండేలా దాని మీద పెట్టి, ఉల్టా వైపు నుంచి ఆవిరి మాత్రం వదిలి, కుట్టుని వేళ్ళతో విప్పి నొక్కాను. ఇస్త్రీపెట్టె గుడ్డని తాకలేదు. నూగుకి నూగే పరుపు.

నవంబరు 29

కింది అంచు. మళ్ళీ మడిస్తే మళ్ళీ కొన అరిగి బోడి గీత పడుతుంది, అందుకని మడత తగ్గించి లోపల నూలు టేపు వేసి చేత్తో హెమ్మింగ్ చేశాను. ముందుగా గౌనుని రెండు రోజులు వేలాడదీసి గుడ్డ సాగేంత సాగనిచ్చాను. ఈ గుడ్డలో దొంగకుట్టు వేయడం ఎంత సుఖమో. దారం నూగులో మునిగిపోతుంది, బయటికి అసలు కనబడదు. నా చేతి వంకరలన్నిటినీ క్షమించిన మొదటి గుడ్డ ఇదే.

నడుము లోపల రెండు వైపులా పొడుగు టేపు ఉచ్చులు కుట్టాను, హ్యాంగరుకి తగిలించడానికి. ఇంత బరువూ భుజాల మీద వేలాడితే చంకలు మళ్ళీ మొదటికొస్తాయి. మడిచి బీరువాలో మాత్రం పెట్టను.

కూర్చునే చోట ఇంకా కొంచెం మెరుపుంది. ఆవిరి మూడుసార్లు పట్టాను, ఇక రాదు. పెద్దదాన్ని అడిగితే, “ఉండనీ అమ్మా. ముందెవరో కూర్చున్నారు, ఇప్పుడు నేను కూర్చుంటాను” అంది.

డిసెంబరు 12, శుక్రవారం

కచేరీ అయింది. అందరూ నల్ల పాలియెస్టర్ గౌన్లలో మెరుస్తున్నారు, వెనక వరసలో ఎడమ నుంచి మూడోది మెరవట్లేదు. దూరం నుంచి చూస్తే అక్కడ రంగు ఒక్కటే ఉంది, గుడ్డ కనబడదు. రెండో పాటకి చేతులెత్తి చప్పట్లు కొట్టారు. నేను పాట వినలేదు, చంకలే చూశాను. నిలబడ్డాయి.

హాల్లో హీటర్లు మండుతున్నాయేమో, పిల్ల చెమటలు కక్కింది. నూలే గానీ ఆ నూగు గాలిని పట్టుకుని దుప్పటిలా వేడినిస్తుంది. బయట మంచులో కోటు లేకుండా కారు దాకా నడిచింది.

డిసెంబరు 27

నెల క్రితం ఒక పేలిక కవరులో పెట్టి నాన్నకి పంపాను. నిన్న అందిందట. ఇవాళ పొద్దున్నే ఫోను. తమ్ముడి చేత ఫోన్ కెమెరాకి భూతద్దం పెట్టించి మరీ చూపించాడు.

“ఇదిగో చూడమ్మా. ఈ కుచ్చు ఒక్క పడుగు కిందే దూరి పైకొచ్చింది. రెండు కాళ్ళూ పైనే. లాగితే వచ్చేస్తంది. మూడు పడుగుల్లో కిందా పైనా కిందా పోయుంటే ఊడేది కాదు. మోచేతులు అందుకే పొయ్యాయి.”

మూడు నెలలుగా నేను చెప్పలేకపోయిన కారణం. మూడు పడుగుల్లో మెలేసి నేస్తే నూగు గట్టిగా నిలుస్తుంది గానీ ఇంత గుబురుగా రాదు. ఒక్క పడుగుకి వేస్తే గుబురు వస్తుంది, పట్టు పోతుంది. ఈ గుడ్డ నేయించినవాళ్ళు గుబురునే కోరుకున్నారు.

“నాన్నా, మన మగ్గం మీద ఇది నేయొచ్చా?”

“నేయొచ్చు. రోజుకి బెత్తెడు వస్తదేమో గానీ నేయొచ్చు.” భూతద్దం పక్కన పెట్టిన చప్పుడు. “కొయ్యడమే నా వల్ల గాదు. అంత నేసి, మళ్ళా కత్తి పెట్టి పేక తెగ్గొయ్యడం... ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చారంటే ఇవ్వరూ మరి.”

గౌను బాత్‌రూంలో ఆవిరికి వేలాడుతోంది. కారు సీటులో కూర్చున్నప్పుడు నలిగిన నూగు ఇంకా లేవలేదు. ఎడమ చేతి కుచ్చుల దగ్గర ఒక టాకా తీయడం మర్చిపోయాను, ఇప్పుడే కనబడింది.